“ఎలాగో చేసుకుంటున్నాలే” అంటే పాయింట్లు రావు

ప్రశ్న: ఆంటీ, మేము లండన్ ఈస్ట్‌హామ్‌లో ఉంటాం. అమ్మకి 49 ఏళ్ళు. ఆరేళ్ళుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. వేళ్ళు, మణికట్లు, మోకాళ్ళు అన్నీ పట్టేస్తాయి. నాన్నవి నైట్ షిఫ్టులు. ఇంటిపని నేనూ తమ్ముడూ చూసుకుంటాం. క్లినిక్‌లో నర్సు చెబితే పోయినేడాది పిప్‌కి (జబ్బు, వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే భత్యం) పెట్టాం. అసెస్‌మెంట్ ఫోన్లోనే అయింది. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి నేనే మాట్లాడాను. వంటకి 2, స్నానానికి 2, బట్టలు వేసుకోవడానికి 2 కలిపి రోజువారీ పనులకు 6 పాయింట్లు, నడకకు 4 ఇచ్చి, డబ్బులేమీ రావన్నారు. మళ్ళీ చూడమని రాశాం. అదే జవాబు. ఆ ఉత్తరం మీది తేదీకి ఇవాళ్టికి 12 రోజులు. రిపోర్టులో “మేనేజ్ చేసుకుంటున్నానని చెప్పారు” అని మూడుచోట్ల ఉంది. ఇప్పుడు అప్పీలుకి వెళ్ళాలి. ఒక వెబ్‌సైట్లో గైడు 20 పౌండ్లు. ఇంకోచోట జవాబులు కూడా రాసిపెట్టిన ‘ప్యాక్’ 95 పౌండ్లు. నాన్నకి తెలిసినాయన ఒకరు మొత్తం తనే చూసుకుంటారట, గెలిస్తే వచ్చే బకాయిల్లో 25 శాతం ఇవ్వాలట. ఏది కొనమంటారు? అసలు కొనాలా?
— ఒక కూతురు

అమ్మాయ్, గైడు సంగతి తర్వాత. ముందు అప్పీలు పంపించు. ‘మళ్ళీ చూశాం, మార్చలేదు’ అని వచ్చిన ఉత్తరం మీద వేసిన తేదీ నుంచి మీకున్నది ఒక నెల. అందులో 12 రోజులు అయిపోయాయి. ఆన్‌లైన్లో పెట్టొచ్చు, లేదా ఎస్‌ఎస్‌సీఎస్1 అనే ఫారం నింపి పోస్టు చెయ్యొచ్చు. ఫీజు లేదు. కారణాలు నాలుగు ముక్కల్లో రాసినా చాలు, వివరాలూ కాగితాలూ తర్వాత పంపుకోవచ్చు. మా సలహా కేంద్రానికి ఒకసారి ఒకాయన వచ్చాడు. డబ్బు పెట్టి కొన్న గైడు ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి, ప్రతి పేజీలో పసుపు రంగు గీతలు గీసుకున్నాడు. అంత శ్రద్ధగా చదువుతూ గడువు దాటించేశాడు. ఆలస్యానికి కారణం రాసి బతిమాలుకుంటే చివరికి తీసుకున్నారు కానీ, ఆ రెండు నెలలూ ఆయనకి నిద్రలేదు.

నేను లాయర్ని కాను. ఆ కేంద్రంలో వారానికో రోజు కూర్చుని ఫారాలు నింపడంలో సాయం చేస్తుంటాను. అక్కడ చూసినదాన్నిబట్టి చెప్తున్నాను.

20 పౌండ్ల గైడు మోసం కాదు. అలాంటివాటిలో కొన్ని నిజంగా బాగుంటాయి. చట్టంలో చిక్కుగా ఉన్న మాటల్ని విడమరిచి, ఏ ప్రశ్న వెనక ఏం అడుగుతున్నారో చెప్తాయి. కాకపోతే అవన్నీ పుట్టింది రెండు చోట్ల నుంచి. ఒకటి పిప్ నిబంధనలు, రెండోది అసెస్‌మెంట్ చేసేవాళ్ళ కోసం ప్రభుత్వం రాసిన మార్గదర్శకం. రెండూ ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే ఊరికే దొరుకుతాయి. అవి చదవడం కష్టంగా ఉంటే, అడ్వైస్‌నౌ అనే సైట్‌లో పిప్ అప్పీలు గురించి మామూలు ఇంగ్లీషులో రాసిన గైడు ఉచితంగానే ఉంది. నువ్వు ఇంగ్లీషు చదవగలవు కాబట్టి ముందు అది చదువు. చదివాక కూడా అర్థంకానిది మిగిలితే, అప్పుడు 20 పౌండ్లు పెట్టినా నేను కాదనను. నెలకి రెండుసార్లు బయట తినే ఖర్చు అది.

95 పౌండ్ల ప్యాక్ మాత్రం వద్దు. జవాబులు ముందే రాసిపెట్టారు అంటేనే అనుమానించాలి. అమ్మ వేళ్ళు పొద్దున్న ఎన్నింటికి కదులుతాయో ఆ ప్యాక్ రాసినవాడికి ఎలా తెలుస్తుంది? అప్పీలు వినే ట్రిబ్యునల్లో ముగ్గురు కూర్చుంటారు: ఒక జడ్జి, ఒక డాక్టరు, వైకల్యం గురించి అనుభవం ఉన్న ఇంకొకరు. ఎక్కడో అచ్చుపోసిన వాక్యాలు వాళ్ళు ఇట్టే పసిగడతారు. పైగా అమ్మని ఎదురుగా కూర్చోబెట్టి అడిగినప్పుడు, కాగితం మీద ఉన్నది ఒకటీ ఆవిడ నోట వచ్చింది ఇంకోటీ అయితే, నిజంగా ఉన్న కష్టాన్ని కూడా నమ్మరు.

ఆ ప్యాక్ పేజీలో “మా కస్టమర్లలో ఇంతమంది గెలిచారు” అని పెద్ద అక్షరాలతో ఉందేమో చూడు. విచారణ దాకా వెళ్ళిన పిప్ అప్పీళ్ళలో చాలా ఏళ్ళుగా దాదాపు మూడింట రెండు వంతులు అప్పీలు చేసినవాళ్ళ వైపే తేలుతున్నాయి. అంటే గైడు కొన్నవాళ్ళూ, కొననివాళ్ళూ అందరూ కలిసి అలా గెలుస్తున్నారు. అందులో ప్యాక్ గొప్పతనం ఎంతో ఎవరికీ తెలీదు.

ఇక ఆ తెలిసినాయన. ఆయన చెడ్డవాడని అనను, నాకు తెలీదు. లెక్క మాత్రం వేద్దాం. 2025–26 రేట్ల ప్రకారం రోజువారీ పనుల భాగానికి తక్కువ రేటు వారానికి 73.90 పౌండ్లు. గెలిస్తే దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కట్టి ఇస్తారు. ఒక ఏడాది బకాయి అంటే 3,842 పౌండ్లు పైమాటే. అందులో పావు వంతు 960. ఇదే పని సిటిజన్స్ అడ్వైస్‌లోనో, లా సెంటర్లోనో, మీ కౌన్సిల్‌లో వెల్‌ఫేర్ రైట్స్ విభాగం ఉంటే అక్కడో ఊరికే చేస్తారు. అపాయింట్‌మెంట్ దొరకడం కష్టమే, కాదనను. 2013 ఏప్రిల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలాంటి కేసులకు లీగల్ ఎయిడ్ (ప్రభుత్వ ఖర్చుతో లాయరు సాయం) దాదాపుగా తీసేశారు. అదే నెలలో పిప్ మొదలుపెట్టారు. ఈ గైడ్లూ, ప్యాక్‌లూ, ‘తెలిసినవాళ్ళూ’ ఇంతమంది తయారైంది ఆ ఖాళీలోనే అని నా అభిప్రాయం. అయినా రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యి. అప్పీలు పంపాక విచారణకి నెలలు పడుతుంది కాబట్టి, ఆలోపు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆయన్ని మాత్రం ఒక్క మాట అడుగు: “విచారణ రోజు మాతో వచ్చి మాట్లాడతారా?” అని. ఫారం నింపి చేతులు దులుపుకునేవాళ్ళకి 960 పౌండ్లు దేనికి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏ గైడులోనూ నీకు దొరకనిది ఇది.

రిపోర్టులో మూడుచోట్ల ఉన్న ఆ “మేనేజ్” ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఫోన్ స్పీకర్ మీద ఉంది, పక్కన అమ్మ ఉంది, “వంట చేసుకోగలరా?” అని అడిగారు. అమ్మ “ఆఁ, ఎలాగో చేసుకుంటున్నాలే అని చెప్పు” అంది. నువ్వు ఇంగ్లీషులోకి మార్చి చెప్పావు. నీ తప్పేం లేదు, ఎవరైనా అలాగే చెప్తారు. కానీ తెలుగులో “ఎలాగో” అన్న మాటలోనే ఉంది కష్టమంతా. మన ఆడవాళ్ళు ఆ మాట అన్నారంటే గంట పని మూడు గంటలు పట్టిందని, మధ్యలో రెండుసార్లు కూర్చున్నారని, రాత్రికి నొప్పి బిళ్ళ వేసుకున్నారని అర్థం. ఇంట్లో వినేవాళ్ళకి అది తెలుసు. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి “ఎలాగో” రాలిపోయి “చేసుకుంటున్నా” మిగిలింది. వాళ్ళు అదే రాసుకున్నారు.

పిప్ నిబంధనల్లో అచ్చంగా ఈ “ఎలాగో” కోసమే ఒక నియమం ఉంది. ఒక పని చేయగలరు అని లెక్కవేయాలంటే దాన్ని ప్రమాదం లేకుండా చేయగలగాలి, సరిగ్గా చేయగలగాలి, అవసరమైనన్ని సార్లు మళ్ళీ మళ్ళీ చేయగలగాలి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పట్టే సమయానికి రెట్టింపు దాటకుండా చేయగలగాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ పని చేయలేరు అనే లెక్క. అదీ సగానికి పైగా రోజుల్లో అలా ఉండాలి. కాబట్టి అమ్మ “ఎలాగో” అన్న ప్రతిచోటా నువ్వు ఆగి, “ఎలాగో అంటే ఎలాగ?” అని అడిగి, ఆ జవాబు రాసుకోవాలి. 20 పౌండ్ల గైడులో ఉన్న సారం చాలావరకు ఆ నియమమే.

పాయింట్ల లెక్క కూడా చూద్దాం, ఎందుకంటే మీకు కావాల్సింది కొంచెమే. రోజువారీ పనులకు 8 వస్తే తక్కువ రేటు, 12 వస్తే ఎక్కువ రేటు. మీకు 6 ఉన్నాయి. ఒక్కో పనిలో వర్తించేవాటిలో ఎక్కువ పాయింటు ఒక్కటే తీసుకుంటారు, అన్నీ కలపరు. వంటకి 2 ఇచ్చారంటే ఏదో పరికరం ఉంటే చేసుకోగలరని అనుకుని ఉండొచ్చు. మనిషి చెయ్యి వేయాల్సివస్తే అది 4. ఇక్కడ వంట అంటే ఒక మనిషికి సరిపడా, తాజా కూరగాయలతో, నడుము ఎత్తున ఉన్న స్టవ్ మీద చేసే మామూలు వంట. నలుగురికి వండటం, వంగి ఓవెన్లో పెట్టడం లెక్కలోకి రావు. అందుకని “అమ్మ ఇదివరకు పండక్కి యాభైమందికి వండేది” అని రాయకు. ఉల్లిపాయ ఎవరు కోస్తున్నారు? కుక్కర్ మూత ఎవరు తిప్పుతున్నారు? వేడి గిన్నె దించేటప్పుడు ఎన్నిసార్లు చెయ్యి జారింది? నువ్వు కాలేజీకి వెళ్ళిన రోజు మధ్యాహ్నం అమ్మ ఏం తింది? బ్రెడ్డు ముక్కా, పొద్దుటి అన్నంలో పెరుగూనా? అది రాయి.

స్నానానికి 2 ఇచ్చారు. టబ్బులోకి దిగడానికి, ఎక్కడానికి ఎవరైనా పట్టుకోవాల్సివస్తే 3. అమ్మకి తలంటేది నువ్వే అయితే దానికీ పాయింట్లు ఉన్నాయి కానీ అవీ 2 మాత్రమే. ఇంకో వింత చెప్తాను. జడ వేసుకోలేకపోతే ఏమీ రాదు. జడ ఆ జాబితాలోనే లేదు. మన అమ్మలు ముందు చెప్పుకునే బాధ మాత్రం అదే. బిళ్ళల పెట్టెలో వారం మందులు నువ్వు సర్దిపెట్టి, సీసా మూత తీసి ఇస్తున్నావా? దానికి 1 రావచ్చు. టాయిలెట్ దగ్గర లేవడానికి పట్టుకునే కడ్డీ ఉందా? దానికి 2. ఇవి నిజమైతేనే రాయాలి. లేనిది ఒక్కటి చేర్చినా ఉన్నవన్నీ అనుమానంలో పడతాయి.

ఇంకో చిక్కు ఉంది. మనిషి సాయం గురించి అడిగితే మనవాళ్ళు “ఎవరి సాయం లేదండీ” అంటారు. ఇంట్లో పిల్లలు చేసేదాన్ని మనం సాయం అనుకోం. కూతురు హుక్కు పెడితే, కొడుకు సాక్సు తొడిగితే అది ఇంట్లో మామూలు వ్యవహారం. చట్టం దృష్టిలో మీరిద్దరూ చేసేది కూడా ఇంకో మనిషి చేసిన సాయమే. మీరు లేకపోతే ఆ పని ఎలా జరుగుతుందన్నది ప్రశ్న. నువ్వూ తమ్ముడూ చెరో పేజీ రాయండి, సొంత మాటల్లో, ఏ రోజు ఏం చేశారో. తమ్ముడు వంకర ఇంగ్లీషులో రాసినా ఫర్వాలేదు, అలాగే ఉంచు.

నడకకు 4 ఇచ్చారంటే 50 నుంచి 200 మీటర్ల దాకా నడవగలదు అన్నారన్నమాట. 20 మీటర్లు దాటినా 50 దాటలేకపోతే కనీసం 8. యాభై మీటర్లంటే డబుల్ డెక్కర్ బస్సులు దాదాపు ఐదు వరసగా నిలబెట్టినంత. ఇంటి గుమ్మం నుంచి బస్‌స్టాప్‌కి ఎంతో కొలువు, అమ్మ ఎక్కడ ఆగుతుందో చూడు, ఆగాక మళ్ళీ ఎంతసేపటికి నడుస్తుందో చూడు. గుడికి వెళ్తుందని రిపోర్టులో రాశారా? రాసే ఉంటారు. కార్లో దింపింది ఎవరు, చెప్పులు విప్పింది ఎవరు, కింద కూర్చుందా కుర్చీలోనా అన్నవి రాసి ఉండరు.

రెండు వారాలు డైరీ రాయి. పొద్దున్న వేళ్ళు ఎన్నింటికి విడిచాయి, ఆర్థరైటిస్‌కి ఇచ్చే మెథోట్రెక్సేట్ వేసుకుంటుంటే ఆ మర్నాడు ఎలా ఉంది, ఇలా. అయితే ట్రిబ్యునల్ చూసేది మొదటి నిర్ణయం ఇచ్చిన రోజుకి అమ్మ పరిస్థితి ఏమిటని. ఇప్పటి డైరీ పంపేటప్పుడు “అప్పుడూ ఇలాగే ఉండేది” అనో, “అప్పటికంటే కొంచెం పెరిగింది” అనో నిజం ఏదైతే అది ఒక వాక్యం చేర్చు. క్లినిక్ ఉత్తరాలు, మందుల జాబితా జీపీ (మీ పేటలో మామూలుగా చూసే డాక్టరు) దగ్గర ఊరికే అడిగి తీసుకోవచ్చు. ప్రత్యేకంగా ఉత్తరం రాసివ్వమంటే జీపీ ఫీజు అడగొచ్చు. గైడుకి పెట్టాలనుకున్న డబ్బు అక్కడ పెట్టడం మేలని నాకనిపిస్తుంది. అదీ “ఈవిడకి ఈ జబ్బుంది” అని రాసిచ్చే ఉత్తరానికి కాదు. జబ్బు ఉందని ఎవరూ కాదనడంలేదు. ఈ చేతులతో ఏం చేయలేదో తెలిసిన నర్సో, ఆక్యుపేషనల్ థెరపిస్టో (రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే నిపుణులు) రాస్తే విలువ.

ఫారంలో విచారణకి వస్తామనే రాయి. కాగితాలు చూసి తేల్చెయ్యమంటే గెలిచే అవకాశం బాగా తగ్గుతుంది. అమ్మ “నేను కోర్టుకి రాను” అంటుంది, తెలుసు. అది నల్లకోట్లూ బోనూ ఉండే కోర్టు కాదు. ఒక గది, ఒక బల్ల, ముగ్గురు మనుషులు, మంచినీళ్ళు. కావాలంటే ఫోన్లోనో వీడియోలోనో కూడా అడగొచ్చు. ట్రిబ్యునల్‌కి ఉన్న పాయింట్లు తగ్గించే అధికారం కూడా ఉంది. కొంత వస్తున్నవాళ్ళు అందుకే ఆలోచించుకోవాలి. అమ్మకి ఇప్పుడు వచ్చేది సున్నా కాబట్టి పోయేదేం లేదు. మధ్యలో డీడబ్ల్యూపీ (పిప్ నిర్ణయించే ప్రభుత్వ శాఖ) వాళ్ళు ఫోన్ చేసి “ఇంత ఇస్తాం” అనొచ్చు. ఫోన్లోనే ఊఁ అనక్కర్లేదు. అది సరిపోతుందో లేదో ఈ పాయింట్లతో లెక్క వేసుకుని చెప్తానను.

మన పాఠకులకి ఇంకో మాట. వీసా మీద ‘పబ్లిక్ ఫండ్స్ లేవు’ (ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదు) అని ఉన్నవాళ్ళు ఏ గైడూ కొనకండి, అసలు దరఖాస్తే పెట్టకూడదు. శాశ్వత నివాసమో, పౌరసత్వమో వచ్చినవాళ్ళకి కూడా గడిచిన మూడేళ్ళలో రెండేళ్ళు ఇక్కడ ఉండాలన్న నియమం సాధారణంగా వర్తిస్తుంది. స్కాట్లండ్‌లో ఉన్నవాళ్ళకి పిప్ బదులు వేరే పథకం, వేరే పద్ధతి. ఇంగ్లండ్ కోసం రాసిన గైడులోని తేదీలూ ఫారాలూ అక్కడ పనికిరావు.

చివరగా, అమ్మాయ్, ఈసారి నువ్వు దుభాషిగా ఉండకు. కూతురి నోటితో స్నానం గురించీ టాయిలెట్ గురించీ చెప్పుకోవడానికి ఏ తల్లికైనా సిగ్గే. సగం మింగేస్తుంది. ట్రిబ్యునల్ వాళ్ళు దుభాషిని వాళ్ళ ఖర్చుతోనే పెడతారు. ఫారంలో ఆ గడి దగ్గర ‘ఇండియన్’ అని రాయకు, హిందీ మనిషి వచ్చి కూర్చుంటే మళ్ళీ వాయిదా. ‘తెలుగు’ అని స్పష్టంగా రాయి. నువ్వు సాక్షిగా పక్కన కూర్చో. అమ్మ “ఎలాగో” అన్నప్పుడు ఆ దుభాషి ఏమని చెప్తున్నారో చెవిపెట్టి విను. తేడా ఉంటే అక్కడే చెయ్యెత్తి చెప్పు.